బస్సునే ఇల్లు చేసుకుని న్యూజిలాండ్ తిరగాలంటే: ఇద్దరికి సరిపడే ఫ్రీడమ్ క్యాంపింగ్ మార్గదర్శి

న్యూజిలాండ్‌లో పాత బస్సు కొని, సీట్లు పీకేసి, మంచం, పొయ్యి, టాయిలెట్ బిగించుకుని అందులోనే కాపురం పెట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ బస్సును ఇక్కడ హౌస్‌బస్ అంటారు. ఉద్యోగం నుంచి రిటైరైన దంపతులు, అద్దెలు కట్టలేక విసిగిపోయిన కుర్ర జంటలు, ఒక ఏడాది పాటు దేశమంతా చూసి వద్దామనుకునేవాళ్ళు, అందరూ కనిపిస్తారు. మా ఆయన, నేను కూడా ఆ దారిలోనే ఉన్నాం. ఆక్లాండ్, హామిల్టన్, క్రైస్ట్‌చర్చ్‌లలోని మన తెలుగువాళ్ళు కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతారు: "రాత్రిళ్ళు ఎక్కడపడితే అక్కడ ఆపుకోవచ్చా?"

ఆపుకోకూడదు. ఆపుకోవడానికి అనుమతి ఉన్న చోట్లు మాత్రం బోలెడు ఉన్నాయి. వాటిలో చాలావరకు పైసా ఖర్చు లేదు, సముద్రం పక్కనో సరస్సు పక్కనో ఉంటాయి. అయితే అక్కడ ఎన్ని రాత్రులు హాయిగా గడపగలరన్నది మీ బస్సులోని ట్యాంకులను బట్టే ఉంటుంది. మంచినీళ్ళు ఎన్ని పడతాయి, మురుగు ఎన్నాళ్ళు బయటికి వదలకుండా దాచగలరు అన్న రెండు ప్రశ్నలకు సమాధానం చెప్పగలిగితే మిగతావన్నీ సర్దుకుంటాయి. అందుకే ఈ వ్యాసంలో కర్టెన్ల రంగుల గురించి ఒక్క మాట కూడా లేదు, టాయిలెట్ గురించి మాత్రం చాలా ఉంది.

1. బస్సు కంటే ముందు చట్టం చదవండి

దీనికి మూలం 2011 నాటి ఫ్రీడమ్ క్యాంపింగ్ చట్టం. క్యాంప్ గ్రౌండ్ కాని చోట, వాహనం వెళ్ళగలిగే ప్రదేశానికో, రోడ్డుకో, సముద్ర తీరానికో 200 మీటర్ల లోపు గుడారంలోనో వాహనంలోనో రాత్రి గడిపితే అది ఫ్రీడమ్ క్యాంపింగ్ కిందికి వస్తుంది. ఎక్కడ కుదురుతుంది, ఎన్ని రాత్రులు, ఎన్ని వాహనాలు అన్నది స్థానిక కౌన్సిళ్ళు తమ బైలాల (స్థానిక నియమాల) ద్వారా నిర్ణయిస్తాయి. ఒక జిల్లాలో రెండు రాత్రులైతే పక్క జిల్లాలో మూడు ఉండొచ్చు, ఇంకోచోట అసలు వద్దనొచ్చు. జాతీయ పార్కులు, అడవులు, రక్షిత ప్రాంతాలు డిపార్ట్‌మెంట్ ఆఫ్ కన్జర్వేషన్ చేతిలో ఉంటాయి. ఇక్కడ అందరూ దాన్ని 'డాక్' అంటారు.

2023 జూన్‌లో చట్టం బాగా మారింది. కౌన్సిల్ భూమిలో వాహనంలో పడుకోవాలంటే, ఆ చోటును ప్రత్యేకంగా మినహాయిస్తే తప్ప, వాహనానికి సెల్ఫ్ కంటెయిన్డ్ సర్టిఫికెట్, అంటే మంచినీళ్ళు, మురుగు రెండూ తనలోనే ఉంచుకోగలదన్న ధ్రువీకరణ, ఉండి తీరాలి. ఆ సర్టిఫికెట్ రావాలంటే టాయిలెట్ వాహనానికి స్థిరంగా బిగించి ఉండాలి. మంచం కింద దాచే పోర్టబుల్ టాయిలెట్ ఇక చెల్లదు. పరీక్షలో పాసైతే ఆకుపచ్చ వారంట్, అంటే అద్దం మీద పెట్టుకునే కార్డు, ఇస్తారు, నాలుగేళ్ళు పనిచేస్తుంది. పాత పద్ధతిలో ఇచ్చిన నీలి వారంట్లకు, ప్రైవేటు వాహనాల విషయంలో, 2026 జూన్ 7 ఆఖరి గడువుగా పెట్టారు. కాబట్టి సిద్ధంగా ఉన్న హౌస్‌బస్ కొంటున్నట్లయితే అద్దం మీద ఉన్న కార్డు ఏ రంగుదో ముందు చూడండి. నీలిదైతే, కొత్త ప్రమాణాలకు మార్చడానికి అయ్యే ఖర్చు బేరంలో తగ్గించమని అడగండి.

నియమం తప్పితే అక్కడికక్కడే వేసే జరిమానా తప్పును బట్టి 800 డాలర్ల దాకా వెళ్తుంది. అయినా భయపడాల్సింది జరిమానాకు కాదు. ఒక బస్సు చేసిన కంపు వల్ల ఊరివాళ్ళంతా ఫిర్యాదు చేసి, ఆ చోటు శాశ్వతంగా మూతపడుతుంది. వెనకాల వచ్చే వందల కుటుంబాలు దాన్ని పోగొట్టుకుంటాయి.

నియమాలు అటూ ఇటూ మారుతుంటాయని కూడా గుర్తుంచుకోండి. క్వీన్స్‌టౌన్ లేక్స్ కౌన్సిల్ 2021లో తెచ్చిన బైలాను 2024లో హైకోర్టు కొట్టేసింది. నిరుడు వెళ్ళొచ్చిన వాళ్ళ మాట నమ్మి ఈ ఏడాది అదే చోట బస్సు ఆపడం తెలివైన పని కాదు. ప్రతిసారీ ఆ కౌన్సిల్ వెబ్‌సైట్ చూడాలి.

2. ఎంత పెద్ద బస్సు?

ఇద్దరికి నా సలహా ఒకటే: మీ లైసెన్సుతో నడపగలిగినంత పెద్దది, అంతకు మించి వద్దు. ఇక్కడ మామూలు కారు లైసెన్సు, అంటే క్లాస్ 1, మీద 6,000 కిలోల వరకు నడపొచ్చు. ఆ పైన 18,000 కిలోల వరకు క్లాస్ 2 కావాలి. దానికి పూర్తి కారు లైసెన్సు వచ్చి కనీసం ఆరు నెలలు అయి ఉండాలి, మెడికల్ సర్టిఫికెట్ ఇవ్వాలి, మళ్ళీ పరీక్ష రాయాలి. ఇండియా లైసెన్సుతో వచ్చినవాళ్ళు ఇక్కడి లైసెన్సు కోసం థియరీ, రోడ్డు పరీక్ష రెండూ రాయాలి. అది ముందే ముగించి పెట్టుకోండి.

జపాన్ నుంచి దిగుమతైన టొయోటా కోస్టర్, మిత్సుబిషి రోజా, నిస్సాన్ సివిలియన్ లాంటి మినీ బస్సుల్లో చాలావరకు క్లాస్ 1 పరిధిలోకే వస్తాయి. పొడవు ఆరు నుంచి ఏడు మీటర్ల వరకు ఉంటుంది. ఇద్దరు మనుషులకు అది చాలు. పదీ పదకొండు మీటర్ల పెద్ద బస్సులో స్నానాల గది, సోఫా, కట్టెల పొయ్యి కూడా పడతాయి గానీ, చాలా ఫ్రీడమ్ క్యాంపింగ్ చోట్లలో గీసి ఉన్న పార్కింగ్ గళ్ళలో అది పట్టదు. మూడు బస్సుల చోటు మీరొక్కరే ఆక్రమిస్తే పక్కవాళ్ళ ముఖాలు చూడలేరు. ఉత్తర దీవిలోని వెల్లింగ్టన్ నుంచి దక్షిణ దీవిలోని పిక్టన్‌కు వెళ్ళే ఫెర్రీ టికెట్ కూడా వాహనం పొడవును బట్టే ఉంటుంది.

మినీ బస్సు కొనేటప్పుడు ఇద్దరూ కలిసి వెళ్ళండి. ఇద్దరిలో ఎత్తున్నవాళ్ళు లోపల నిటారుగా నిలబడి చూడాలి. తల తగిలితే అది రోజుకు ఇరవైసార్లు తగులుతుంది.

ఆ తర్వాత తుప్పు. ఈ దేశంలో ఏ ఊరూ సముద్రానికి మరీ దూరం కాదు, ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది. బస్సును గ్యారేజీలో హాయిస్ట్ (పైకెత్తే యంత్రం) మీద ఎక్కించి చాసిస్, చక్రాల గూళ్ళు, మెట్ల కింద భాగం, కిటికీల రబ్బరు చుట్టూ చూడాలి. కొత్తగా నల్ల పెయింటు దట్టంగా కొట్టి ఉన్న చోట్ల మరీ జాగ్రత్తగా చూడండి. ఇంజిన్ బాగు చేయించుకోవచ్చు, గేర్‌బాక్సు మార్చుకోవచ్చు. చాసిస్ తుప్పు పట్టిన బస్సు మీద మాత్రం ఎంత ఖర్చు పెట్టినా వృథా.

3. కాగితాలు

ఇది విసుగు పుట్టించే భాగమే అయినా దాటేయడానికి వీల్లేదు. 3,500 కిలోలు దాటిన వాహనానికి సర్టిఫికెట్ ఆఫ్ ఫిట్‌నెస్ ఉండాలి, గడువు ప్రకారం తనిఖీకి తీసుకెళ్ళాలి. డీజిల్ బస్సు అయితే రోడ్డు వాడుకున్నందుకు ప్రతి వెయ్యి కిలోమీటర్లకు చార్జీ ముందుగానే కొనుక్కోవాలి. డీజిల్ ఖర్చు లెక్కేసి ఇదొక్కటి మర్చిపోయేవాళ్ళు ఎక్కువ. సీట్లు తీసి ఇల్లుగా మార్చినప్పుడు, ముఖ్యంగా ప్రయాణంలో కూర్చునే సీట్లు, బెల్టులు మార్చినప్పుడు, పని మొదలుపెట్టకముందే వాహనాల మార్పులను ఆమోదించే సర్టిఫైయర్‌తో మాట్లాడండి. పూర్తయ్యాక చూపిస్తే విప్పమంటారు.

230 వోల్టుల కరెంటు బయటి నుంచి తీసుకునే ఏర్పాటు ఉంటే ఎలక్ట్రికల్ వారంట్ (వైరింగ్ భద్రమేనన్న సర్టిఫికెట్) ఉండాలి, అది నాలుగేళ్ళకోసారి. గ్యాస్ పైపులు లైసెన్సున్న గ్యాస్‌ఫిట్టర్ చేతే వేయించి సర్టిఫికెట్ తీసుకోండి. మనింట్లో లాగా సిలిండర్ పొయ్యి పక్కనే పెట్టడం ఇక్కడ కుదరదు. ఎల్‌పీజీ గాలికంటే బరువు కాబట్టి లీకైతే నేల మీద పేరుకుంటుంది. అందుకే సిలిండర్‌కు లోపలికి గాలి చొరబడని పెట్టె, దాని అడుగున బయటికి తెరుచుకునే రంధ్రం ఉండాలి.

4. లోపలి అమరిక: టాయిలెట్ నుంచి మొదలుపెట్టండి

అందరూ మంచం ఎక్కడ వేయాలా అని ఆలోచిస్తారు. ముందు టాయిలెట్ చోటు తేల్చుకోండి, ఎందుకంటే మంచం పూర్తిగా పరిచి ఉన్నప్పుడు కూడా టాయిలెట్ వాడగలగాలని నియమం. తల, మోచేతులు ఆడేంత చోటు ఉండాలి. పగలు సోఫాగా, రాత్రి మంచంగా మారే డిజైన్లు చాలా ఇక్కడే దెబ్బతింటాయి. నేల మీద సుద్దముక్కతో మంచం, టాయిలెట్, వంటగట్టు గీసి, ఒకరు పడుకుని ఉండగా రెండోవాళ్ళు లేచి టాయిలెట్‌కు వెళ్ళినట్టు నడిచి చూడండి. అర్ధరాత్రి ఇద్దరిలో ఎవరు లేచినా రెండోవాళ్ళ మీదుగా దూకాల్సిన పని లేకుంటే ఆ అమరిక పనికొస్తుంది.

చట్టం అడిగే కనీస కొలతలు చిన్నవే: మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున మూడు రోజులకు 12 లీటర్ల మంచినీళ్ళు, అంతే పరిమాణంలో సింకు నీళ్ళు పట్టే ట్యాంకు, టాయిలెట్లో మనిషికి మూడు రోజులకు 3 లీటర్లు, మూతున్న చెత్తడబ్బా, వాసన వెనక్కి రాకుండా సింకు కింద ట్రాప్. ఇద్దరికి లెక్కేస్తే 24 లీటర్లే. కాగితం మీద పాసవుతారు గానీ, రెండుపూటలా అన్నం వండుకునేవాళ్ళకు అది చాలదు. మంచినీళ్ళకు 100 నుంచి 120 లీటర్లు, వాడిన నీళ్ళకు దాదాపు అంతే ఉండేలా చూసుకోండి. వాడిన నీళ్ళ ట్యాంకు చిన్నదైతే, మంచినీళ్ళు ఎన్నున్నా లాభం లేదు; అది నిండిన రోజే మీ మకాం ఎత్తేయాలి.

లీటరు నీళ్ళంటే కిలో బరువు. నిండిన ట్యాంకు వంద కిలోలు, బ్యాటరీలు, గ్యాస్, పుస్తకాలు, బియ్యం బస్తా కలిపితే సులభంగా పరిమితి దాటుతుంది. బరువైనవన్నీ కింద, రెండు ఇరుసుల మధ్య ఉండేలా సర్దండి. అన్నీ నింపుకుని ఒకసారి వేబ్రిడ్జి మీద తూకం వేయించండి.

5. కరెంటు, వెచ్చదనం

మా లెక్క ఇలా ఉంటుంది, 12 వోల్టుల మీద రోజుకు: ఫ్రిజ్ 45 ఆంపియర్ అవర్లు, ఫోన్లు ల్యాప్‌టాప్ 25, హీటర్ ఫ్యాన్ 15, లైట్లు 5, నీటి పంపు 3. మిక్సీ కూడా వేసుకోవచ్చు. 750 వాట్ల మిక్సీ ఇన్వర్టర్ ద్వారా ఐదు నిమిషాలు తిరిగితే 6 ఆంపియర్ అవర్లు పోతాయి, కొబ్బరి పచ్చడికి ఆ మాత్రం ఇవ్వొచ్చు. అన్నీ కలిపితే వంద. 200 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉంటే ఎండ లేకపోయినా దాదాపు రెండు రోజులు నడుస్తుంది. ఇండక్షన్ పొయ్యి జోలికి మాత్రం వెళ్ళకండి, వంట గ్యాస్ మీదే.

పైకప్పు మీద 400 వాట్ల సోలార్ ప్యానెళ్ళు వేసవిలో దండిగా ఇస్తాయి. చలికాలంలో అందులో మూడో వంతు కూడా రాకపోవచ్చు. దక్షిణాన ఇన్వర్‌కార్గిల్ వైపు జూన్‌లో పగలు ఎనిమిదిన్నర గంటలకు కాస్త అటూ ఇటూ మాత్రమే. ఇంకో సంగతి: ఇక్కడ సూర్యుడు ఉత్తరం వైపు నుంచి తిరుగుతాడు. మనకు చిన్నప్పటి నుంచి దక్షిణపు ఎండ అలవాటు కాబట్టి, బస్సు నిలిపేటప్పుడు చెట్టు నీడ ఎటు పడుతుందో తప్పుగా ఊహిస్తాం. ప్యానెళ్ళకు ఉత్తరం తెరిపిగా ఉండాలి. బండి నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటర్ నుంచి చార్జయ్యేలా డీసీ-డీసీ చార్జర్ పెట్టించుకోండి. బస్సు బ్యాటరీలు 24 వోల్టులవైతే 12కు మార్చే రకం అడగాలి.

చలికి డీజిల్ హీటర్ మంచిది, బండి ట్యాంకులోని డీజిల్‌తోనే నడుస్తుంది. గ్యాస్ పొయ్యి వెలిగించి గది వెచ్చబెట్టుకోవడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఏమీ ఉండవు. నిద్రపోయే ఎత్తులో దాని అలారం తప్పకుండా బిగించండి.

చలికంటే ఎక్కువ విసిగించేది తేమ. ఇద్దరి ఊపిరి, వంట ఆవిరి, తడి బట్టలు కలిసి తెల్లారేసరికి అద్దాల మీద నీళ్ళు ధారకడతాయి, పరుపు కింద బూజు పడుతుంది. పరుపు కింద చెక్కపలక కాకుండా గాలాడే చెక్కపట్టీలు వేయించండి. ఎంత చలిగా ఉన్నా పైకప్పు వెంట్ రెండు వేళ్ళంత తెరిచి పడుకోండి.

6. బస్సులో తెలుగు వంట

ప్రెషర్ కుక్కర్ లేకుండా బయల్దేరకండి. గ్యాస్ ఆదా అవుతుంది, లోపల ఆవిరి తగ్గుతుంది. పోపు, వేపుడు మాత్రం వీలైనంత వరకు తలుపు బయట చిన్న పొయ్యి మీద పెట్టుకుంటే మంచిది. ఇంగువ, ఎండుమిర్చి ఘాటు పరుపులకు పట్టిందంటే వారం దాకా వదలదు. అడవుల్లో మంట వేయడం మీద ఆంక్షలు కాలాన్ని బట్టి మారుతుంటాయి, కట్టెల మంట ఆలోచన పెట్టుకోకండి.

బియ్యం కడిగిన నీళ్ళు పారబోయకుండా గిన్నెలో పట్టి ఉంచితే వాటితో ఎంగిలి కంచాల మొదటి కడుగు అయిపోతుంది. కంచాల్లోని నూనె, పప్పు ముందు కాగితంతో తుడిచి చెత్తలో వేయాలి. నూనె, మెతుకులు ట్యాంకులోకి వెళ్తే మూడో రోజుకు పులిసిన వాసన బస్సంతా కమ్ముతుంది, ఎన్ని మందులు పోసినా పోదు. చలికాలంలో దోసెపిండి పులవాలంటే గిన్నెను హీటర్ గొట్టం పక్క అలమరలో రాత్రంతా ఉంచండి.

ఇండియన్ షాపులు పెద్ద ఊళ్ళలోనే ఉంటాయి. దక్షిణ దీవి పడమటి తీరానికి దిగేముందు క్రైస్ట్‌చర్చ్‌లోనో నెల్సన్‌లోనో కందిపప్పు, చింతపండు, పొడులు నింపుకోండి. కరివేపాకు ఎండబెట్టి డబ్బాలో పెట్టుకుంటే నెలల తరబడి వస్తుంది.

7. రాత్రికి చోటు

మధ్యాహ్నం మూడింటికల్లా ఆ రాత్రి ఎక్కడో తేల్చుకోవాలి, పక్కనే రెండో చోటు కూడా మనసులో ఉండాలి. క్యాంపర్‌మేట్, ర్యాంకర్స్ లాంటి యాప్‌లలో చూసి, తర్వాత కౌన్సిల్ బైలా మ్యాపుతో సరిపోల్చుకోండి. చోటుకు చేరాక అక్కడి బోర్డు పూర్తిగా చదవండి. యాప్ ఒకటి, బోర్డు ఒకటి చెబితే బోర్డు మాటే వినాలి. గిస్బోర్న్ లాంటి చోట్ల వేసవిలో బీచ్‌ల పక్కన ఉండటానికి కౌన్సిల్ పర్మిట్ అమ్ముతుంది. మిల్‌ఫర్డ్ సౌండ్ వైపు ఫ్రీడమ్ క్యాంపింగ్ కుదరదు, ఆ దారిలో డాక్ క్యాంప్‌సైట్‌లలో డబ్బు కట్టి ఉండాలి.

వెలుతురు ఉండగానే చేరుకోండి. నేల గట్టిదేనా అని దిగి కాలితో తొక్కి చూడండి. పచ్చిక మీద పైకి పొడిగా కనిపించి కింద బురదగా ఉంటుంది, ఐదు టన్నుల బస్సు తెల్లారేసరికి దిగబడుతుంది. నది ఒడ్డున రాళ్ళ మైదానం ఎంత అందంగా ఉన్నా కొండల్లో వాన పడే సూచన ఉంటే అక్కడ ఆపకండి. మిల్‌ఫర్డ్ ప్రాంతంలో ఏడాదికి 6,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది, మన కోస్తాలో కురిసేది సుమారు వెయ్యి. ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉండగానే, కొండల్లో పడిన వానకు నది పొంగుతుంది.

బస్సు ముందు భాగం బయటికి వెళ్ళే దారి వైపు ఉండేలా నిలపండి. అర్ధరాత్రి ఏ కారణంతోనైనా వెళ్ళాల్సి వస్తే తాళం తిప్పితే చాలు. కుర్చీలు, బట్టల తాడు పరిచి ఊరు ఊరంతా ఆక్రమించకండి. జనరేటర్ శబ్దంతో పక్కవాళ్ళ సాయంత్రం పాడుచేయకండి.

పడమటి తీరంలో శాండ్‌ఫ్లైలనే కుట్టే ఈగల గురించి అందరూ చెబుతారు, అయినా వచ్చినవాళ్ళంతా ఆశ్చర్యపోతారు. దోమంత కూడా కాదు, ఆవగింజంత ఉంటాయి, కుడితే వారం దురద. కిటికీలకు సన్నని జాలీ వేయించాకే అటు వెళ్ళండి.

ఉచిత చోట్లు అలసట తెప్పిస్తే న్యూజిలాండ్ మోటార్ కారవాన్ అసోసియేషన్ ఉంది. 1956లో మొదలైంది, సభ్యులకు తక్కువ ఖర్చుతో ఆగే పార్కులు దేశమంతా ఉన్నాయి. సెల్ఫ్ కంటెయిన్డ్ బస్సున్నవాళ్ళకు సభ్యత్వం రుసుము త్వరగానే తిరిగొస్తుందని నా నమ్మకం.

8. డంప్ స్టేషన్ రోజు

ఇద్దరు వాడితే సుమారు 18–20 లీటర్ల టాయిలెట్ క్యాసెట్, అంటే టాయిలెట్ కింద ఉండే మురుగు డబ్బా, మూడు నాలుగు రోజుల్లో నిండుతుంది. దాన్ని డంప్ స్టేషన్‌లోనే, అంటే వాహనాల మురుగు పారబోయడానికి కట్టిన చోటే, ఖాళీ చేయాలి. పబ్లిక్ టాయిలెట్‌లో పోయకూడదు. పొదల్లో, రోడ్డుపక్క డ్రెయిన్‌లో పోయడం నేరం. డంప్ స్టేషన్లు చాలా ఊళ్ళలో ఉచితం.

పద్ధతి ఇది. ఇద్దరిలో ఒకరు మంచినీళ్ళు, ఒకరు మురుగు. ఆ పూట పని మార్చుకోకూడదు. మురుగు వాళ్ళు చేతికి గ్లవ్స్ వేసుకుని క్యాసెట్ బయటికి లాగుతారు, మూతి మెల్లగా పక్కకు తిప్పి, గాలి బటన్ బొటనవేలితో నొక్కి పట్టుకుని వంచుతారు. ఆ బటన్ నొక్కకపోతే గుడగుడమంటూ ఎగదన్ని కాళ్ళ మీద చిందుతుంది. ఖాళీ అయ్యాక రెండు మూడు లీటర్ల నీళ్ళు పోసి, మూతి మూసి ఊపి, మళ్ళీ వంచుతారు. నీళ్ళు తేటగా వచ్చేదాకా చేస్తే చాలు. డంప్ స్టేషన్ పక్కన ఉండే కడిగే గొట్టంతో చుట్టూ శుభ్రం చేస్తారు. ఆ గొట్టం నీళ్ళు తాగడానికి కాదు, పొరపాటున కూడా మంచినీళ్ళ ట్యాంకు దగ్గరికి రానివ్వద్దు. క్యాసెట్లో కొత్తగా రెండు లీటర్ల నీళ్ళు, బయో మందు పోసి పెట్టేస్తారు. ఫార్మాల్డిహైడ్ ఉండే మందులు వాడకండి, చిన్న ఊళ్ళ సెప్టిక్ ట్యాంకుల్లో సూక్ష్మజీవుల్ని చంపేస్తాయి.

మంచినీళ్ళు పట్టేవాళ్ళ దగ్గర తాగునీటికి పనికొచ్చే గొట్టం విడిగా, దాని రెండు కొసలూ మూసి సంచిలో ఉండాలి. కుళాయి మీద తాగునీరని రాసి ఉందో లేదో చూడాలి. డాక్ క్యాంప్‌సైట్లలో చాలాచోట్ల నీళ్ళు మరిగించుకునే తాగాలి.

ఈ దేశపు మూలవాసులైన మావోరీల ఆచారంలో తిండికి సంబంధించినవీ ఒంటికి సంబంధించినవీ కలపరు. వంటింటి గుడ్డలు ఒంటి బట్టలతో కలిపి ఉతకరు, తినే బల్ల మీద కూర్చోరు, సరస్సులో బట్టలు, గిన్నెలు కడగరు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు పాటించే ఎంగిలి, మడి తేడా లాంటిదే. అందుకని మనవాళ్ళకు ఇది కష్టం కాదు, తెలిస్తే చాలు. మనం రాత్రి గడిపే సరస్సు పక్కనే అక్కడి వాళ్ళ పూర్వీకుల సమాధులు ఉండొచ్చు.

ఒక నది నుంచి ఇంకో నదికి వెళ్ళేటప్పుడు చెప్పులు, బకెట్లు, చేపల సామాను శుభ్రంగా కడిగి ఆరబెట్టాలి. దక్షిణ దీవి నదుల్లో వ్యాపించిన డిడిమో అనే నాచు ఒక్క తడి బూటు ద్వారా కూడా కొత్త నదికి పాకుతుంది. ఉత్తరాన కౌరీ చెట్ల అడవుల్లో బూట్లు కడిగే స్టేషన్లు కనిపిస్తే తప్పకుండా ఆగండి.

9. నడపడం

3,500 కిలోలు దాటితే గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు. వెనక కార్లు పేరుకుంటే పక్కకు తప్పుకుని దారివ్వండి, మిమ్మల్ని తొందరపెడుతున్నారన్న టెన్షన్ కూడా తగ్గుతుంది. పడమటి తీరంలో ఒకే వరస వంతెనలు చాలా ఉన్నాయి. మీ వైపు చిన్న ఎర్ర బాణం ఉంటే మీరు ఆగాలి, నీలి బోర్డు మీద మీ వైపు పెద్ద తెల్ల బాణం ఉంటే మీకు ప్రాధాన్యం. ప్రాధాన్యం ఉన్నా అవతలి వాహనం వంతెన ఎక్కిందేమో చూసే కదలండి. చలికాలంలోనూ, ఆ తర్వాత వసంతంలోనూ క్రౌన్ రేంజ్, మిల్‌ఫర్డ్ రోడ్డు లాంటి కొండదారుల్లో మంచు గొలుసులు అవసరం పడొచ్చు. గొలుసులు కొని ఊరుకోకుండా, ఎండగా ఉన్న రోజున ఒకసారి ఇద్దరూ కలిసి చక్రానికి తొడిగి చూడండి. ఫెర్రీ ఎక్కేముందు గ్యాస్ కట్టేయాలి.

బయల్దేరే ముందు ఒక చిన్న జాబితా చదవాలి: మెట్టు మడిచామా, గ్యాస్ కట్టామా, వెంట్ మూశామా, ఫ్రిజ్ తలుపు గడి పెట్టామా, సింకులో గిన్నెలు లేవు కదా. ఒకరు చదవాలి, ఇంకొకరు చేత్తో ముట్టుకుని చూడాలి. నోటితో "చూశాను" అంటే సరిపోదు.

10. ఇద్దరి మధ్య

ఏడు మీటర్ల బస్సులో కోపం దాచుకునే మూల దొరకదు. అందుకే కొన్ని ఏర్పాట్లు ముందే చేసుకోవాలి.

గొడవలు ఎక్కువగా రివర్స్ చేసేటప్పుడే మొదలవుతాయి. "ఎడమ, ఎడమ" అని వెనక నుంచి అరిస్తే ఎవరి ఎడమ? చెప్పేవాళ్ళు ఎదురుగా నిలబడితే తారుమారవుతుంది. మేము ఎడమ, కుడి మానేశాం. "ఏమండీ, తలుపు వైపు చెట్టుకొమ్మ ఉంది, డ్రైవర్ వైపు తిప్పండి" అంటే అనుమానమే రాదు. ఇక్కడ బస్సు తలుపు ఎప్పుడూ ఎడమ పక్కే, డ్రైవరు కుడి పక్కే. ఇంకో ఒప్పందం: అద్దంలో నేను కనిపించకపోతే ఆయన బస్సు ఆపేయాలి, నేను అరిచేదాకా చూడకూడదు.

ఇద్దరూ నడపడం నేర్చుకోవాలి. ఒకరికే చేతనైతే వాళ్ళకు జ్వరం వచ్చిన రోజున బస్సు అడవిలో ఇరుక్కుపోతుంది. అలాగే క్యాసెట్ తీయడం, ఫ్యూజు మార్చడం, గ్యాస్ సిలిండర్ మార్చడం, వంట కూడా ఇద్దరికీ రావాలి. మన ఇళ్ళలో వంట భార్యదే, బండి భర్తదే అన్న అలవాటు బస్సులోకి తెచ్చుకుంటే నెల తిరక్కుండానే ఒకరు అలిసిపోతారు.

రోజులో కొంతసేపు విడిగా గడపండి. ఒకరు బస్సులో, ఒకరు నడకకు. ఇంటికి ఫోన్ చేసే వేళలు కూడా చెప్పుకోండి. ఇండియాకు ఇక్కడికి తేడా ఆరున్నర నుంచి ఏడున్నర గంటలు కాబట్టి, అమ్మతో తీరిగ్గా మాట్లాడేసరికి ఇక్కడ రాత్రి పొద్దుపోతుంది, రెండోవాళ్ళు నిద్రపోతుంటారు.

11. డబ్బు, డాక్టరు, చిరునామా

ఖర్చంతా కిలోమీటర్లలోనే ఉంటుంది. కోస్టర్ లాంటి బస్సు లీటరు డీజిల్‌కు ఆరేడు కిలోమీటర్లు వస్తుంది, రోడ్డు చార్జీ అదనం. రోజుకో ఊరు మారితే హోటళ్ళలో ఉన్నంత ఖర్చవుతుంది. ఒక చోట అనుమతించిన రాత్రులన్నీ ఉండి, తర్వాత 60–80 కిలోమీటర్లు మాత్రమే కదిలితే ఖర్చు సగానికి దిగుతుంది. టైర్లకు, రిపేర్లకు వేరుగా కొంత డబ్బు పక్కన పెట్టండి. ఇన్సూరెన్స్ కంపెనీకి బస్సులోనే పూర్తి కాలం నివసిస్తున్నామని స్పష్టంగా చెప్పండి, సెలవుల వాహనమని రాసిన పాలసీ పనికిరాకపోవచ్చు.

లైసెన్సు, బ్యాంకు, ఓటు, అన్నిటికీ ఒక చిరునామా కావాలి. నమ్మకమైన స్నేహితుల ఇంటి చిరునామా వాళ్ళను అడిగి ఇవ్వండి. ఏదో ఒక ఊళ్ళో డాక్టరు దగ్గర పేరు నమోదు చేసుకుని ఉండండి, నమోదు లేకపోతే ఫీజు చాలా ఎక్కువ. రాత్రివేళ ఒంట్లో బాగోకపోతే హెల్త్‌లైన్ 0800 611 116కు ఉచితంగా ఫోన్ చేసి నర్సుతో మాట్లాడొచ్చు. ప్రాణం మీదికొస్తే 111. హాస్ట్ లాంటి చోట్ల మైళ్ళకు మైళ్ళు ఫోన్ సిగ్నల్ ఉండదు, అందుకని పర్సనల్ లొకేటర్ బీకన్ (ఉపగ్రహం ద్వారా ఆపద సంకేతం పంపే చిన్న పరికరం) కొనుక్కోండి. దాన్ని ఎలా తెరవాలో ఇద్దరికీ తెలియాలి.

12. ఇల్లు ఖాళీ చేసే ముందు

అద్దె ఇల్లు వదిలేయకముందే జూన్ లేదా జూలైలో రెండు వారాలు బస్సులోనే ఉండి చూడండి. కరెంటు కనెక్షన్ తీసుకోకుండా, సొంత ఊరికి గంట దూరంలో. జనవరిలో ఇక్కడ వేసవి, అప్పుడు ఎవరైనా ఉండగలరు. చలికాలంలో వరసగా నాలుగు రోజులు వాన పట్టినప్పుడు బ్యాటరీ ఎంతకు దిగుతుందో, నీళ్ళు ఎన్నో రోజుకు అయిపోతాయో, తడి టవల్ ఎక్కడ ఆరుతుందో తెలుస్తుంది. ఒక నోట్‌బుక్కులో ప్రతి సాయంత్రం మూడు అంకెలు రాసుకోండి: మంచినీళ్ళ మట్టం, వాడిన నీళ్ళ మట్టం, బ్యాటరీ శాతం. రెండు వారాల అంకెలు చూశాక, ఇంకో ప్యానెల్ కావాలా, పెద్ద ట్యాంకు కావాలా, లేక రోజూ తలస్నానం మానుకుంటే సరిపోతుందా అన్నది ఆ పేజీలోనే తేలుతుంది. ఆ మార్పులు చేయించుకున్నాకే ఇంటి యజమానికి నోటీసు ఇవ్వండి.